చిన్నదాన్ని పంపించెయ్

టెహ్రాన్, 12 అక్టోబరు 1980

తూబా అక్కా,

ఈ ఉత్తరం జీలా చేతికే ఇచ్చి పంపుతున్నాను కాబట్టి దాచకుండా రాస్తున్నాను. టపాలో వేసేవాటిలో ఇంత ధైర్యం ఉండదు. కవర్లు ఆవిరి పట్టి విప్పుతున్నారని మా వీధిలో అందరూ అంటున్నారు.

విమానాశ్రయం మీద ఇరాక్ బాంబులు పడ్డప్పటినుంచి పర్వానెకి కునుకు లేదు, తల్లి మనసు కదా. జీలా చదివే యూనివర్సిటీ మూసేశారు. పిల్ల పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటోంది, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతోంది. బాంబుల భయం అనుకుంటున్నాను. ఇస్ఫహాన్‌లో కాస్త నయం కదా, నీ దగ్గర ఉంచుకో. ఇరవయ్యేళ్ళ పిల్ల, నీకూ తోడుగా ఉంటుంది.

నా భయం వేరు. పక్క దుకాణం హయీమ్‌ని మంగళవారం విప్లవ కమిటీ వాళ్ళు పట్టుకెళ్ళారు. దేశం సొత్తు పరాయివాళ్ళకి అమ్మాడట. మనూచెహ్రీ వీధిలో పాత సామాన్లమ్మే యూదులందరం ముప్పయ్యేళ్ళుగా చేసిన పని అదే కదక్కా! రాయబారుల పెళ్ళాలు రావడం, టీ తాగడం, బేరమాడటం, పట్టుకుపోవడం. అప్పుడది వ్యాపారం, ఇప్పుడది నేరం. హయీమ్ భార్య అన్నం డబ్బా పట్టుకెళితే గుమ్మంలోంచే తిప్పి పంపారు. నాన్న పేరున్న బోర్డు నిన్న నేనే దించేశాను.

ఇంకోమాట. జీలా పెట్టెలో అడుగున, ఉన్ని చొక్కాల మధ్య ఒక గిన్నె ఉంది. అరచేతిలో పట్టేంత. నీలం అంచు, లోపల బంగారు రంగులో గుర్రపు రౌతు. ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. కాగితాలు లేవు. అది నా దగ్గర దొరికితే హయీమ్ పక్కనే నాకూ చోటు. దుకాణంలో కొనేవాళ్ళ ముందు పేరెత్తకుండా నేనూ పర్వానె దాన్ని ‘చిన్నది’ అనుకుంటాం. టపాలో కూడా అలాగే రాస్తాను, గుర్తుపెట్టుకో. ఎవరి కంటా పడనీకు.

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వెయ్యి.

నీ తమ్ముడు
శుక్రొల్లా


ఇస్ఫహాన్, 16 అక్టోబరు 1980

ఒరే శుక్రూ,

పిల్ల క్షేమంగా చేరింది. బస్సు పదకొండు చోట్ల ఆపారట. చిక్కి సగమైంది. పర్వానె తిండి పెడుతోందా, యుద్ధం వార్తలు పెడుతోందా?

నీ రాత చూస్తే కోడి బురదలో నడిచినట్టుంది. నా కంట్లో పొర ఒకటి. జీలా చేతే చదివించుకున్నాను. హయీమ్ సంగతి దాకా విన్నాను. ఈలోగా పొయ్యి మీద మాంసం ఉండలు అడుగంటుతున్న వాసనొచ్చింది. లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పిల్ల కాగితం మంటలో వేసేసింది. “నాన్న వేసేయమన్నారత్తా” అంది. “మిగతాదేముందే?” అంటే “జాగ్రత్తలు” అంది. పుట్టినప్పటినుంచి నువ్వు చెప్పేవి జాగ్రత్తలే కదా, పోనీలే అనుకున్నాను.

భయపడకు. హయీమ్‌కి నోరెక్కువ, అందుకే తీసుకెళ్ళుంటారు. నీకు నోరే లేదు.

ఇక్కడ జూబారే పేటలో అంతా మామూలే. కిరసనాయిలుకి రెండు గంటలు నిలబడాలి. నా ముందు నిలబడే ముసలావిడ రోజూ కోడలిని తిడుతుంది, నాకు పొద్దుపోతోంది.

అక్క
తూబా


టెహ్రాన్, 9 నవంబరు 1980

అక్కా,

వాతావరణం బాగా లేదు. దుకాణం మూయించి తలుపుకి లక్క ముద్ర వేశారు. నన్ను రెండుసార్లు పిలిచారు, పంపేశారు. మూడోసారి పంపుతారో లేదో.

చిన్నది ఇక మీ ఇంట్లో ఉండకూడదు. ఎంత తొందరైతే అంత తొందరగా పంపించెయ్. బావకి తెలిసిన జాహెదాన్ వ్యాపారి ఉండేవాడు కదా, అలాంటి మనిషెవరైనా సరిహద్దు దాటించేస్తే అంతకంటే మేలు లేదు. నన్ను మళ్ళీ అడగొద్దు. నాకు కనబడుతుందా లేదా అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. నేను ఆశ వదిలేసుకున్నాను.

ఇంతకంటే రాయలేను.

శుక్రొల్లా


ఇస్ఫహాన్, 24 నవంబరు 1980

తమ్ముడూ,

చెప్పినట్టే చేశాను. చిన్నది వెళ్ళిపోయింది, గురువారం పొద్దున. జాహెదాన్ పెద్దాయనే స్వయంగా వచ్చాడు. మీ బావ ఉప్పు తిన్నవాడు, మాట తప్పడు. తన సరుకు మధ్య పెట్టుకుని తీసుకెళ్తానన్నాడు. దారంతా కుదుపులు కదా అని రెండు దుప్పట్లు చుట్టబెట్టాను. “తట్టుకుంటుందా నాయనా?” అంటే, “ఇంతకంటే పెళుసువి దాటించానమ్మా” అన్నాడు.

బండి సందు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. లోపలికొచ్చి తలుపేసుకుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఎప్పటికి చేరుతుందో, ఎవరి చేతుల్లో పడుతుందో, ఏదీ తెలీదు. నీకు నిజంగా ఇదే కావాలా శుక్రూ? ఒక్కమాట రాయి, నా ప్రాణం కుదుటపడుతుంది.

తూబా


టెహ్రాన్, 8 డిసెంబరు 1980

అక్కా,

నీ చేతులు కళ్ళకద్దుకోవాలి! ఉత్తరం చదివి నెల తర్వాత కడుపునిండా తిన్నాను. ఎందుకు ఏడుస్తావు? దారిలో నాలుగు ముక్కలైనా నాకు విచారం లేదు. ఏ ఎడారి ఇసకలోనో కప్పెట్టేసినా సరే, మన పేరు బయటికి రాకపోతే చాలు. పర్వానె రెండు రోజులు మొహం మాడ్చుకుంది, మూడోరోజుకి మర్చిపోయింది. అలాంటిది ఇంకోటి దొరక్కపోదులే అని నేనే సముదాయించాను.

జీలా ఎలా ఉంది? ఒక్క ముక్కైనా రాయదేం? ఇంటిపని నేర్పించు, ఖాళీగా కూర్చోనివ్వకు.

శుక్రొల్లా


ఇస్ఫహాన్, 20 డిసెంబరు 1980

శుక్రొల్లా,

నీ ఉత్తరం భూతద్దం పెట్టుకుని నేనే చదివాను. నమ్మలేక మూడుసార్లు చదివాను. అమ్మ బతికుంటే నీ నోట్లో మిరియాలు కూరేది. ఇంకోటి దొరుకుతుందా? మూడోరోజుకి మర్చిపోయిందా? మీరు మనుషులేనా?

తర్వాత నెమ్మదిగా ఆలోచించాను. నువ్వెందుకలా రాశావో నాకు తెలిసిందిలే. నేనూ అలాగే రాస్తాను. జీలా కులాసాగా ఉంది. కుట్టుపని నేర్చుకుంటోంది. కూరలో ఉప్పెక్కువేస్తోంది. సరేనా?

బుధవారం మా ఇంటికి ముగ్గురు చుట్టాలొచ్చారు, పిలవకుండానే. ఒకడు పరుపులు చీల్చాడు. ఒకడు నా వెల్లుల్లి ఊరగాయ జాడీలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు, వాడి ఖర్మ. నేను టీ కాచే సమోవార్ పక్కన చతికిలబడ్డాను. వాళ్ళలో పెద్దవాడు అలిసిపోయి కూర్చున్నాడు. టీ పోసిచ్చాను. జీలా వదిలేసిన పెట్టెలో అడుగున ముచ్చటైన గిన్నె ఒకటి దొరికిందిలే, నీలం అంచు, లోపల గుర్రం మీద మనిషి. అందులో చక్కెర బిళ్ళలు పోసి ముందు పెట్టాను. రెండు నోట్లో వేసుకున్నాడు. గిన్నె తిప్పి చూసి, “బాగుందమ్మా, ఎక్కడిది?” అన్నాడు. “బజార్లో కొన్నా నాయనా” అన్నా. తాగి లేచి వెళ్ళిపోయారు.

మనుషులు మరీ చెడ్డవాళ్ళు కాదు శుక్రూ. నువ్వు ఊరికే భయపడతావు.

తూబా


టెహ్రాన్, 29 డిసెంబరు 1980

అక్కా,

ఇది పర్వానె చేతికిచ్చి మొదటి బస్సుకే పంపుతున్నాను.

చిన్నదంటే ఆ గిన్నె. చక్కెర బిళ్ళలు పోశావే, అదే. నేను పంపించెయ్యమన్నది దాన్ని. మొదటి ఉత్తరంలో విప్పి చెప్పాను.

గిన్నె నీ ఇంట్లోనే ఉంటే, దుప్పట్లు చుట్టి బండెక్కించింది ఎవర్నక్కా?

‘జీలా వదిలేసిన పెట్టె’ అన్నావు. ఆ మాట చదివినప్పటినుంచి పర్వానె పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నా కూతురు కుట్టుపని నేర్చుకుంటోందని చెప్పు. పర్వానె తలుపు తట్టగానే జీలాయే తలుపు తీసిందని రాసి పంపు.

శుక్రొల్లా


ఇస్ఫహాన్, 4 జనవరి 1981

నా తమ్ముడూ,

తలుపు నేనే తీశాను.

పర్వానె నన్ను తోసుకుని అన్ని గదులూ తిరిగింది. వంటింట్లో గిన్నె చూసి అక్కడే కూలబడింది. నీళ్ళు చల్లితే లేచి నా రెండు రెక్కలూ పట్టుకుని, “నా పిల్లేది వదినా?” అంది. ఏం చెప్పను? “మీరే కదమ్మా పంపమన్నారు” అన్నాను. ఆమె పెట్టిన కేక ఇంకా నా చెవుల్లో ఉంది.

ఇది పర్వానె చేతికే ఇస్తున్నాను కాబట్టి జరిగింది దాచకుండా రాస్తున్నాను, విను. నీ నవంబరు ఉత్తరం కూడా జీలాయే చదివింది. ‘చిన్నది ఇక మీ ఇంట్లో ఉండకూడదు’ అన్నచోట ఆగిపోయింది.

“చిన్నదెవరే?” అన్నాను.

“నేనే అత్తా. ఇంట్లో నన్నలాగే పిలుస్తారు.”

“పంపించెయ్యడమేంటి? ఎక్కడికి?”

“సరిహద్దు దాటించమని. ఇదిగో, రాశారు. మామయ్యకి తెలిసిన జాహెదాన్ వ్యాపారితో.”

పిల్ల మొహం సున్నంలా పాలిపోయింది. నేను భయం అనుకున్నాను, దగ్గరికి తీసుకున్నాను. “మీ నాన్న ఊరికే అనడు, ఏదో ముంచుకొచ్చుంటుంది” అని నేనే ధైర్యం చెప్పాను. ఒక్క సంచీ తీసుకుంది. పెట్టె బరువని వదిలేసింది. బండెక్కుతూ నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి.

నువ్వు జీలా ఎలా ఉందని అడిగితే, ఎవరో చదువుతారని అలా నటిస్తున్నావనుకున్నాను. నేనూ నటించాను. నాన్న ఆడపిల్లల్ని దుకాణం గడప తొక్కనివ్వలేదు. ఏది గిన్నో ఏది నిధో నాకేం తెలుసురా? మీ చాటుమాటలు నాకేం తెలుసు?

గిన్నె సంగతి. మర్నాడు ఇద్దరం దాన్ని రొట్టెల గుడ్డలో చుట్టుకుని ఖాజూ వంతెన మీదికి వెళ్ళాం. పర్వానె చెయ్యి చాపి, వదల్లేక, మళ్ళీ గుండెకి హత్తుకుంది. “మా మామగారు కొన్న ఆఖరి వస్తువు వదినా” అంది, ఆయన నాకు నాన్నని మర్చిపోయి. నేను లాక్కుని నీళ్ళలోకి జారవిడిచాను. పిల్లని పంపేసినదానికి గిన్నె ఒక లెక్కా?

జాహెదాన్‌కి మనిషిని పంపాను. పెద్దాయన ఇంకా ఊరు చేరలేదట. నన్ను తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండకు.

తూబా


టెహ్రాన్, 21 జనవరి 1981

అక్కా,

ఇది ఇస్ఫహాన్ వస్తున్న మన డాక్టరుగారి చేతికిచ్చి పంపుతున్నాను.

తిట్టాలని మూడుసార్లు కలం పట్టాను. కోపం చల్లారిందని అబద్ధం చెప్పను. ‘ఎడారి ఇసకలో కప్పెట్టేసినా సరే’ అని రాశాను చూడు, ఆ మాట నన్ను తినేస్తోంది. అన్నం ముద్ద ఎత్తితే అదే, కళ్ళు మూస్తే అదే. పర్వానె నాతో మాట్లాడటం లేదు. పళ్ళెం తెచ్చి పెడుతుంది, వెళ్ళిపోతుంది.

శనివారం పొద్దున కమిటీ వాళ్ళు ఇంటికొచ్చారు. అయిపోయింది, గిన్నె గురించే అనుకున్నాను. వచ్చినాయన జేబులోంచి కాగితం తీశాడు. “జీలా ఎవరు?” అన్నాడు.

“మా అమ్మాయి.”

“ఎక్కడుంది?”

“తెలీదు.”

“కన్నతండ్రివి, తెలీదా?”

“తెలీదు బాబూ! బతికుందో లేదో కూడా తెలీదు. రెండు నెలలైంది. మీకు తెలిస్తే మీరే చెప్పండి!” అని అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చేశాను. పర్వానె గోడకేసి తల కొట్టుకుంది. ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కాగితం మడిచాడు. “వస్తే కబురు చెయ్యి” అని వెళ్ళిపోయాడు.

ఇన్నేళ్ళ వ్యాపారంలో నిజం చెప్పి బయటపడటం నాకదే మొదటిసారి.

కానీ ఆ కాగితంలో నా కూతురి పేరెందుకుంది? ఆమె నీ ఇంట్లోనో నా ఇంట్లోనో ఉండుంటే ఏమయ్యేది? ఆలోచన అక్కడికి వెళ్ళగానే వెనక్కి లాక్కుంటున్నాను. నీకేమైనా చెప్పిందా?

శుక్రొల్లా


వియన్నా, 10 ఫిబ్రవరి 1981

అత్తా,

ఇది ఇస్ఫహాన్ వస్తున్న ఒకావిడ తన కోటు అంచులో కుట్టి తెస్తోంది. చదివాక నాన్నకి చేర్చు. నేను బతికే ఉన్నాను.

నీకు అబద్ధం చెప్పాను. చిన్నదంటే గిన్నె అని నాకు తెలుసు. మొదటి ఉత్తరంలో ఆ సంగతి నువ్వు కంగారుపడతావని చదవలేదు. నాన్న రెండో ఉత్తరం నీకు చదువుతూ, కింది వరసలో ‘సరిహద్దు’ అన్న మాట ముందే చూసి ఆగిపోయాను. నువ్వు “ఎవరే?” అనగానే “నేనే” అనేశాను. ముందు అనుకుని అన్నది కాదు. అన్నాక వెనక్కి తీసుకోలేదు, అదీ నిజమే.

యూనివర్సిటీలో ప్రభుత్వానికి వ్యతిరేకంగా పంచే కరపత్రాలు టైపు చేసేదాన్ని. రాసింది నేను కాదు, టైపు మాత్రమే. నాతో కూర్చుని టైపు చేసిన ఫెరెష్తేని సెప్టెంబరులో తీసుకెళ్ళారు. ఆమెకి నా పేరు తెలుసు. అప్పట్నుంచి తలుపు చప్పుడైన ప్రతిసారీ నా కోసమే అనుకునేదాన్ని. నాన్నకి చెప్దామని రెండుసార్లు దుకాణానికి వెళ్ళాను. ఒకసారి ఆయన నిచ్చెనెక్కి బోర్డు దించుతున్నారు. ఇంకోసారి గిన్నెని గుడ్డలో చుడుతున్నారు. చెప్పలేకపోయాను.

దారి గురించి ఎక్కువ రాయను. ఖర్జూరం బస్తాల కింద ఒక పగలంతా పడుకున్నాను. తర్వాత కొండల మీదుగా పాకిస్తాన్‌లోకి నడిచాం. ఒకచోట కాల్పులు వినపడితే పెద్దాయన నన్ను రాళ్ళలోకి తోసి నా మీద పడుకున్నాడు. ఆయన మోకాలికి దెబ్బ తగిలింది. కరాచీలో ఒకింట్లో ఏడు వారాలు కిటికీ తెరవకుండా ఉన్నాను, ఉత్తరం రాయనివ్వలేదు. ఇక్కడికొచ్చాక మొదటిరోజు వీధిలో పోలీసు కనబడితే ఒక దుకాణంలోకి దూరి దాక్కున్నాను. అతను నన్ను చూడనైనా చూళ్ళేదు.

ఒక్కటే నన్ను నిలవనివ్వడం లేదు. గిన్నెని నీ ఇంట్లో వదిలేసి వచ్చాను. బావిలో పడేద్దామనుకున్నాను. బండి వచ్చేసింది, భయంలో మర్చిపోయాను. దానివల్ల నీకేమైనా అయుంటే, అత్తా, నేను ఇక్కడ బతికుండి ఏం లాభం?

నన్ను తిట్టయినా రాయించు.

జీలా


టెహ్రాన్, 5 మార్చి 1981

అక్కా,

డాక్టరుగారి చేతికి నువ్వు పంపిన జీలా ఉత్తరం అందింది, ఇదీ ఆయనే తెస్తున్నారు. పర్వానె దాన్ని రవిక లోపల పెట్టుకుంది, నాకు చూడటానికి కూడా ఇవ్వడం లేదు. నాతో మాట్లాడింది, రెండు నెలల తర్వాత. “నీ పిల్ల రెండుసార్లు వచ్చింది, నువ్వు గిన్నె చూసుకుంటున్నావు” అంది.

అంతే కదా అక్కా. నాకు గుర్తుంది. బోర్డు దించినరోజు గుమ్మంలో నిలబడి “నాన్నా” అంది. “ఇప్పుడు కాదమ్మా, నిచ్చెన పట్టుకో” అన్నాను. పట్టుకుంది. నా భయం ఎంత పెద్దదంటే పక్కన నిచ్చెన పట్టుకున్న మనిషి భయం కనబడలేదు. ఆ అబద్ధం ఆమె చెప్పకపోయుంటే, నువ్వు నమ్మకపోయుంటే, ఆ శనివారం వచ్చిన మనుషులకి నేనే నీ ఇంటి దారి చెప్పుండేవాణ్ణి, మేనత్త ఇంట్లో ఉందండీ అని. నిన్ను తిట్టాలని పట్టుకున్న కలం ఇది. క్షమించమని రాస్తోంది.

నిన్న హయీమ్ ఇంటికి ఆయన బట్టలు పంపారు. చొక్కా, కళ్ళజోడు, బూట్లు. మనిషిని ఎక్కడ పూడ్చారో చెప్పలేదు. ఆయన భార్య బూట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, వాటికి కొత్త తోలు వేయించి నెల కూడా కాలేదట, పట్టుకెళ్ళేనాటికి.

నేనూ పర్వానె మాట్లాడుకున్నాం. దుకాణం ముద్రతోనే ఉండనీ. ఇల్లు ఇలాగే ఉండనీ, సామాను సర్దితే చుట్టుపక్కలవాళ్ళకి తెలిసిపోతుంది. జాహెదాన్ పెద్దాయన మోకాలు నయమైతే మమ్మల్నీ తీసుకెళ్తాడేమో అడుగు. నాకు యాభై ఏడు, కొండలెక్కలేను. అయినా అడుగు.

అక్కా, నువ్వు మాతో వస్తావా? రావని తెలుసు. బావ సమాధి ఉంది, నీకు భయమంటే తెలీదు. అయినా అడక్కుండా వెళ్ళలేను.

నీ శుక్రూ


ఇస్ఫహాన్, 11 మార్చి 1981

ఒరే తమ్ముడూ,

ఇదీ డాక్టరుగారి చేతికే ఇస్తున్నాను. జాహెదాన్ పెద్దాయన వచ్చాడు. కాస్త కుంటుతున్నాడు. కొత్త సంవత్సరం పండగ సెలవుల్లో రోడ్ల మీద జనం ఎక్కువ, సోదాలు తక్కువ, అప్పుడు బయల్దేరదామన్నాడు. మీరిద్దరూ చుట్టపుచూపుగా వస్తున్నట్టు ఇరవయ్యో తారీకుకి ఇక్కడికి చేరండి. ముదురు రంగు బట్టలు, మెత్తటి బూట్లు. పర్వానెకి చెప్పు, మడమల జోళ్ళు వద్దు.

“ఎంతమంది?” అనడిగాడు. “ముగ్గురం” అన్నాను.

అవును, నేనూ. మీ బావ సమాధికి వెళ్ళి చెప్పి వచ్చాను. ఆయనెప్పుడూ నా మాటకి అడ్డం చెప్పలేదు.

నాకు భయమంటే తెలీదన్నావు. ఆ ముగ్గురూ పరుపులు చీల్చి వెళ్ళారు చూడు, ఆరోజు నుంచి నేను మంచం మీద పడుకోలేదు. తలుపుకి వీపు ఆనించి కూర్చునే కునుకు తీస్తున్నాను. ఎవరైనా తోస్తే ముందు నాకు తెలియాలని. పొద్దున్నే లేచి నీకు ‘ఊరికే భయపడతావు’ అని రాసేదాన్ని. చిన్నప్పట్నుంచి నువ్వు భయపడేవాడివి, నేను నవ్వేదాన్ని. అలవాటైపోయింది, మానలేకపోయాను.

ఆ కొండల్లోనూ భయమే, నాకు తెలుసు. కానీ అక్కడ పక్కన మీరుంటారు. ఇక్కడ ఈ తలుపు ఒక్కటే ఉంది.

త్వరగా రండి.

తూబా